ఆరు కేజీల బెండ్లు

సంచిలో చేయి పెట్టి ఈదమ్మ మరోసారి లెక్కపెట్టింది. పైపు లైను మలుపులకు వేసే బెండ్లు. నాలుగు కేజీలవి నిన్న పొద్దున పన్నెండు ఉండేవి, ఇప్పుడు పది. పక్క సంచిలో ఆరు కేజీలవి ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. నిన్న రెండించుల బెండ్లు కొన్నది తెలకపల్లి కురుమూర్తి ఒక్కడే. అతను అడిగింది ఆరు కేజీలవి.

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులోని ఆ పైపుల దుకాణంలో ఆమెది పంతొమ్మిదేళ్ల కొలువు. మట్టిపనికి పోయిన భర్త మల్లయ్య అక్కడే కాలం చేసిన ఏడు, ఊడవడానికని లింగాల నుంచి వచ్చి చేరింది. చదువు రాదు. పైపుల మీది అంకెలు ఆమెకు వట్టి గీతలే. సరుకు మోసి, సర్ది, తుడిచి, కొలతలన్నీ వేళ్లతోనే నేర్చుకుంది. కొత్త రైతులకు ఆమే చెప్పేది: పొలం పైపు రెండించులంటే అరవై మూడు ఎంఎం, అది బయటి కొలత. నాలుగు కేజీల ఒత్తిడికి ఆగేదైనా ఆరు కేజీలకు ఆగేదైనా బయట ఒకటే లావు. బలం పెరిగితే పైపు గోడ లోపలికి మందమవుతుంది, బెండు గోడ బయటికి. నోరు మాత్రం మారదు.

ఆమె భయమంతా ఆ నోటితోనే. పట్టకపోతే కురుమూర్తి వాటిని తిరిగి తెచ్చేవాడు. బలం చాలని బెండు కూడా బిగుతుగానే పడుతుంది.

బోరుకు ఏడున్నర హెచ్‌పీ మోటరు తెచ్చాననీ, రేపు మధ్యాహ్నానికి, అంటే ఇవాళే, దించుతామనీ నిన్న అతను సంబరంగా చెప్పాడు. బెండ్లు బోరు మూతికాడికేనట. అక్కడికి మూరెడు దూరంలోనే స్తంభానికి కరెంటు స్టార్టరు పెట్టె. మోటరు ఎత్తుకున్న అదురుకు బెండు పగిలితే నీళ్లు చిమ్మేది పెట్టె మీదికే, దాని మీద చేయి పెట్టి నిలబడ్డ మనిషి మీదికే.

కురుమూర్తికి ఫోను చేయిస్తే మూడుసార్లూ మోగి ఆగిపోయింది. యజమాని చంద్రశేఖర్‌కు దవాఖానకు పోయొస్తానని అబద్ధం చెప్పి, కుట్టు విప్పని కొత్త సంచి నుంచి ఆరు కేజీలవి మూడు బెండ్లు తీసుకుంది. ఒకటి ఎక్కువే ఉండనీ అనుకుంది. అతికిన బెండు ఊడదు, కోయాలి. కోస్తే లైను పొట్టిదవుతుంది. అందుకని జానెడు పైపు ముక్కలు రెండు, వాటిని కలిపే కప్లింగులు, అతికించే సొల్యూషన్ డబ్బా, రంపం బ్లేడు కూడా సంచిలో వేసుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆగిన ప్రతి స్టేజీ దగ్గరా డ్రైవరు వీపు వంక చూసింది. వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంది. షుగరు వచ్చి నాలుగేళ్లు. రెండు నెలల కింద పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతుల్తో దించింది. బొబ్బ లేచాక గానీ కాలినట్టు తెలియలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నిన్న మాటల్లో పడి చేయి తప్పిందేమో, సంచులు అటూ ఇటూ జరిగాయేమో. తెలకపల్లి దాకా ఆ రెండింటినే మార్చి మార్చి తలుచుకుంది.

కురుమూర్తి పొలం గట్టు దాటేసరికి మోటరు బోరులోకి దిగి ఉంది. బెండ్లు అతికి ఉన్నాయి. కురుమూర్తి స్టార్టరు పెట్టె తలుపు తీస్తున్నాడు.

“ఆగు బిడ్డా. పెట్టె ముట్టకు.”

అతను తిరిగి చూసి నవ్వాడు. “ఏంది పెద్దమ్మా, గింత దూరం ఒచ్చినవ్? దుకాణం మా పొలానికే తెచ్చినవా ఏంది?”

“నేనిచ్చినయి నాలుగు కేజీలయి. కొయ్యాలె.”

“మంచిగ పట్టినయ్ గద. జర జూడు, సుక్క సందు లేదు. ఇప్పుడు కోస్తే లైను పొట్టిగైతది. ఇటు దిక్కు పల్లిశేను ఎండుతున్నది.”

“పొట్టిగైతదనే ముక్కలు తెచ్చిన.”

అతను వినేటట్టు లేడు. చేను గట్టున కూర్చున్న అతని భార్య సుభద్రమ్మ లేచి వచ్చి, ఈదమ్మ చేతిలోని బ్లేడు తీసి మొగుడికిచ్చింది.

“ఆమె పని లేక ఒచ్చిందా? కొయ్యి. బెండు పోతే దుకాణంల దొరుకుతది. నువ్ పోతే యే దుకాణంల దొరుకుతవ్?”

కోశాడు. కొత్తవి అతికాక గంటసేపు మోటరు వేయనివ్వలేదు ఈదమ్మ. అతను వాడిన ఆకుల మధ్య పచార్లు చేస్తూ సణుగుతూనే ఉన్నాడు. చివరికి బటన్ నొక్కాడు. లైను ఒక్కసారి అదిరి నిలబడింది. అతుకుల దగ్గర చెమ్మ కూడా లేదు. కాలువలో నీళ్లు పారాక కురుమూర్తి, కోసి పడేసిన బెండును రాయి మీద పెట్టి మడమతో తొక్కాడు. టప్పున చీలింది. అతనింక నవ్వలేదు. రెండోదాన్ని తెచ్చి ఈదమ్మ ముందు పెట్టాడు.

“పట్టుకుంటనే తెలుస్తదా పెద్దమ్మా నీకు?”

మిగిలిన కొత్త బెండు ఒక చేత, పాతది ఒక చేత పట్టుకుని ఆమె కళ్లు మూసుకుంది. అంచులను నలిపింది. చేతులు మార్చి మళ్లీ నలిపింది. మందపాటి గుడ్డ మీంచి తాకినట్టు రెండూ ఒకటిగానే ఉన్నాయి.

“లేదు బిడ్డా,” అంది. “లెక్కవెడితే తెల్సింది.”

సుభద్రమ్మ అన్నం పెడతానన్నా ఆగలేదు.

పొద్దు వాలకముందే దుకాణం చేరి, జరిగింది జరిగినట్టు చంద్రశేఖర్‌కు చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు అతను. సరుకు జోలికి పోకుండా ఊడ్చి కూర్చో, జీతం అదే ఇస్తానన్నాడు. మంచితనంతోనే అన్నాడు.

“రేపటి సంది రాను సేటూ. వేళ్లు చెప్తలేవు.”

చెంగు దులుపుకుని, గడప దగ్గర చెప్పులు తొడుక్కుని, రోజూ పోయే సందులోంచే వెళ్లిపోయింది.

సంచుల నడుమ ఆమె కూర్చునే బోర్లించిన బకెట్టు మీద నాలుగు మడతల చీర ముక్క, మధ్యలో పల్లం పడి, ఫ్యాను గాలికి ఒక కొస మాత్రం లేస్తూ పడుతూ ఉంది.