మగ్గం కింది పిల్లి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిద్దిపేటలో బస్సు కదలదు, ప్రెస్సు తెరవరు, కరెంటు ఉందంటే నాకు పండగ. అలాంటప్పుడు సారయ్య తాత పటాన్ని భుజాన వేసుకుని నా డీటీపీ సెంటరుకు వచ్చాడు.

పటమంటే మూరలకొద్దీ పొడవుండే బొమ్మల గుడ్డ, చేర్యాలలో వేసింది. దాన్ని విప్పుకుంటూ, ఒక్కో బొమ్మకు కర్ర ఆనించి, పద్మశాలీలకు తొలి నూలు పుట్టిన కథ చెప్పడం ఆయన వృత్తి. ఏటా దసరా దాటగానే మహారాష్ట్రలోని భీవండి వెళ్లి, అక్కడ మరమగ్గాల మీద బతికే మనవాళ్లకు చెప్పి వచ్చేవాడు. ఈసారి బస్సుల్లేవు. పైగా గొంతులో గడ్డ. సోమవారం హైదరాబాదులో ఆపరేషన్. తర్వాత మాట వస్తుందని డాక్టరు భరోసా ఇవ్వలేదు.

"అల్మాస్ బిడ్డా, గిది వాళ్ల ఫోన్లకు పంపుతవా? ఐతారం నాడు నేను ఫోన్ల కథ చెప్త, వాళ్లు బొమ్మలు సూస్తరు. రేపు నా గొంతు లేకున్నా గాళ్లే సదువుకుంటరు."

"గదెంత పని తాతా!" అన్నాను.

పదేళ్లుగా పెళ్లిపత్రికలూ కరపత్రాలూ చేసిన చెయ్యి. గర్వం కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. ఆయన చెబుతుంటే టైపు చేశాను. నలభై బొమ్మలు ఫోటో తీసి, పేజీకి పట్టని అంచులు కత్తిరించి, ఈ-బుక్ చేసి అక్కడి ఏడు ఫోన్లకు పంపాను. నా కంప్యూటర్లో ముచ్చటగా ఉంది.

శనివారం పొద్దున భీవండి నుంచి మగ్గం నడిపే వెంకటేశ్ ఫోను.

"అక్కా, ఏం పంపినవ్? నా ఫోన్ల అక్షరాల జాగల అన్ని డబ్బాలే. మల్లయ్యన్న ఫోన్ల ఒత్తులు ఊడి పక్కకు పడ్డయ్. ఇంకొకాయనకు బొమ్మలన్ని ఆఖరుకు పోయినయ్."

నాకు తిక్క రేగింది. ఫాంటు మార్చి, ఇంకో ఫార్మాట్‌లో పంపాను. డబ్బాలు పోయిన ఫోనులో ఈసారి బొమ్మలు పోయాయి. ఒకే పుస్తకం, ఏడు ఫోన్లలో ఏడు రకాలు! కీబోర్డు పక్కకు తోసేసి ఏడ్చేశాను. ముసలాయన ఆఖరి కథను నా చేతులతో ఖరాబు చేస్తున్నానని భయమేసింది.

పుస్తకం చూద్దామని వచ్చిన తాత తిట్టలేదు. తెర మీదికి వంగి చూసి, "పిల్లేది?" అన్నాడు.

"ఏం పిల్లి?"

పటం విప్పి ఇరవై మూడో బొమ్మ చూపాడు. మగ్గం కింద, ఓ మూలన, నూలుండతో ఆడుతున్న పిల్లి. బొమ్మలేసిన ఆయన తన ఇంటి పిల్లిని సరదాకు వేసేశాడట.

"గీ పిల్లి కోసం పోరగాండ్లు ఏడాదంత ఎదురుసూస్తరు. నువ్వు కోసేసినవ్. బొమ్మకు పూలపట్టీనే హద్దు బిడ్డా, కాయిదం కాదు. బొమ్మను, దాని మాటను ఇడదీయొద్దు."

సిగ్గుతో తల వంచుకున్నాను. నిజమే, పటానికి పేజీలు లేవు. ఎర్రని పూలపట్టీ నుంచి పూలపట్టీ దాకా ఒక బొమ్మ, ఆ బొమ్మ ముందే దాని కథ. మాటలు వేరుగా, బొమ్మలు వేరుగా పంపి, ఏది ఎక్కడుండాలో ఫోన్ల ఇష్టానికి వదిలేసింది నేనే.

మళ్లీ మొదలుపెట్టాను. కత్తిరించని బొమ్మ, దాని కిందే పెద్ద అక్షరాల్లో మాటలు, రెండూ కలిపి ఒకే ఫోటో. అలా నలభై ఫోటోలు చేసి పంపాను. ఫోటోలో పడ్డ ఒత్తు ఎక్కడికి ఊడిపోతుంది?

ఆదివారం మధ్యాహ్నం నా ఫోను స్పీకర్లో పెట్టాను. అవతల భీవండిలో మగ్గాలు ఆపేసి కూర్చున్నారు. తాత ఇక్కడ పటానికి కర్ర ఆనించి, బొంగురు గొంతుతోనే ఎత్తుకున్నాడు. ఇరవై మూడో బొమ్మ దగ్గర ఆగాడు.

"మగ్గం కింద ఏమున్నదయ్యా?"

నేను ఫోను దగ్గరికి వంగాను.

"పిల్లి!"

పిల్లలూ ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక్కసారే అరిచారు. ఎక్కడి చేర్యాల గుడ్డ, ఎక్కడి భీవండి వాడ! ఆ మూలనున్న పిల్లిని ఏడు ఫోన్లూ ఒకేలా చూపించాయి.

తాత నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గు తెర వచ్చింది, గొంతు పూడుకుపోయింది. తర్వాతి బొమ్మకు నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. ఏం చెయ్యాలో తోచక నేను ఫోను అందుకోబోయాను.

అంతలో అటునుంచి మల్లయ్య తడుముకుంటూ చదవడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగో బొమ్మ. రెండో వాక్యానికి వెంకటేశ్ గొంతు కలిసింది, మూడో వాక్యానికి అందరివీ. ఒక్క మాట తేడా లేదు.

తాత నా వైపు చూశాడు. కళ్లు తుడుచుకుని, కర్రను పక్క బొమ్మ మీదికి జరిపాడు.