నలభై ఒకటో పిల్ల

ఆ ఏడు బడి తెరిచిన వారానికి సంజీవరావు మాస్టారు స్టెల్లాకి తన బల్ల ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మూడేళ్ళ నుంచి అదే బడిలో పనిచేస్తున్నా ఆయన ఆమెని కూర్చోమన్నది లేదు. అందుకే ఏదో చెడ్డ కబురేననుకుంటూ కూర్చుంది.

నత్తలదిబ్బ కొల్లేటి అంచున ఉన్న చేపలు పట్టేవాళ్ళ పల్లె. కైకలూరు రోడ్డు దిగి చేపల చెరువుల గట్ల వెంట నడుచుకుంటూ పోవాలి. అక్కడ రెండు గదుల సర్కారు బడి. హెడ్మాస్టరు సంజీవరావు గుడివాడ నుంచి స్కూటరు మీద వస్తాడు, అదీ బుద్ధి పుట్టిన రోజున. స్టెల్లా విద్యా వాలంటీరు. ఇంటరు పాసయింది. పక్క ఊరి క్రైస్తవపేట కోడలు. గౌరవ వేతనమని ఇచ్చే ఆ కాస్తా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అయినా నత్తలదిబ్బ పిల్లలకి టీచరంటే ఆమే. అక్షరాలు దిద్దించేదీ ఆమే, ముక్కులు తుడిచేదీ ఆమే.

"రేషనలైజేషనంట," అన్నాడు మాస్టారు. "పిల్లలు తక్కువున్న బళ్ళలో పోస్టులు ఎత్తేసి, ఎక్కువున్న చోటికి మారుస్తారు. మనకి ముప్ఫై మంది కూడా లేరు. నలభై దాటితేనే రెండో టీచరు. దాటకపోతే ఈ బడికి నేనొక్కణ్ణే."

"మరి నేనండీ?"

"అదేగా చెబుతున్నా. వచ్చే నెలలో మండల విద్యాధికారి, ఎమ్మీవో గారు, తలలు లెక్కపెట్టడానికి వస్తారు. ఈలోగా నలభై దాటించు."

"దాటిస్తే నేనుంటానా మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పిల్లలుంటే టీచరుంటారు కదమ్మా," అన్నాడు.

ఆ మాట పట్టుకుని స్టెల్లా ఊళ్ళో పడింది. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడయ్యాక, గడప గడపా తిరిగింది. చెరువుల మీద మేత చల్లే పిల్లల్ని, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండే ఆడపిల్లల్ని, ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకుంది. కొన్ని ఇళ్ళల్లో నెలనెలా బడిలో ఇచ్చే బియ్యం ఆశ చూపించింది. కొన్ని ఇళ్ళల్లో పిల్లల్ని పనికి పంపితే పోలీసులొస్తారని బెదిరించింది. ఇంట్లో మొగుడు యేసుకుమార్ విసుక్కున్నాడు. "ఊరోళ్ళ పిల్లల వెంట పడితే మన పొయ్యి వెలిగించేదెవరు?" అన్నాడు. ఈ ఒక్క నెల ఓపిక పట్టమంది.

నెలాఖరుకి నలభై మంది అయ్యారు. నలభై దాటాలంటే ఇంకొక్కళ్ళు కావాలి. పల్లెలో మిగిలింది గంగాదేవి కూతురు సత్యశ్రీ.

గంగాదేవి మొగుడు వేరే మనిషిని చూసుకుని పోయాడు. తల్లీకూతుళ్ళు రాంబాబు రొయ్యల షెడ్డులో కూలి. లారీల్లో వచ్చిన రొయ్యలకి తలలు తీసి పొట్టు వలవాలి. చుట్టూ ఐసు. వలిచిన తూకాన్ని బట్టి కూలి. సత్యశ్రీకి తొమ్మిదేళ్ళుంటాయి. చిన్న వేళ్ళు కాబట్టి తల్లికన్నా వేగంగా వలిచేది. ఆ ఇంట్లో సగం అన్నం ఆ పిల్ల వేళ్ళదే.

"దాన్ని మానిపిస్తే మేం తినేదేంటండీ?" అంది గంగాదేవి. "షెడ్డులో ఒకసారి చోటు పోతే మళ్ళీ ఇవ్వరు. బయట పదిమంది కాచుకుని ఉంటారు."

"బియ్యం ఇస్తారు గంగాదేవీ. బట్టలకీ పుస్తకాలకీ సాయం వస్తుంది. పిల్ల చేతులు చూడు, తెల్లగా నానిపోయి పగిలిపోతున్నాయి."

"ఇదివరకొక మాస్టారు వచ్చాడు. మా పిల్లల దగ్గర కంపు కొడుతుందని బయట కూర్చోబెట్టేవోడు. నాలుగు నెలలకి ఆయనా పోయాడు, చదువూ పోయింది. మీరుంటారా?"

"ఉంటాను."

"ఒట్టు?"

"ప్రభువు మీద ఒట్టు," అంది స్టెల్లా. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో అబద్ధం లేదు.

సత్యశ్రీ బడికొచ్చింది. మొదటి వారం చేతిలో బలపం నిలిచేది కాదు, వేళ్ళు అంత పచ్చిపుండుగా ఉన్నాయి. స్టెల్లా ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చి రాసేది. మెల్లిగా పుళ్ళు మానాయి. పిల్ల 'స' రాయడం నేర్చుకుని, దొరికిన గోడ మీదల్లా 'స' రాసి, మాస్టారి చేత ఓ దెబ్బ తిని, మళ్ళీ రాసింది.

ఎమ్మీవో వస్తాడన్న రోజు పొద్దున సత్యశ్రీ బడికి రాలేదు. స్టెల్లా పరుగున వెళ్ళింది. తల్లి షెడ్డుకి పోయింది. పిల్ల చాప మీద మూలుగుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. స్టెల్లా కాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఒక్క గంటే కదా అనుకుంది. దుప్పటి చుట్టి, పిల్లని భుజాన వేసుకుని, గట్టు వెంట ఎండలో బడికి తెచ్చి గోడకి ఆనించి కూర్చోబెట్టింది.

ఎమ్మీవో బాలశౌరి జీపు దిగేసరికి పన్నెండయింది. మేకల్ని దాటించినట్టు పిల్లల్ని ఒక్కొక్కరినే ఈ గదిలోంచి ఆ గదిలోకి నడిపిస్తూ కర్రతో తలల మీద తట్టి లెక్కపెట్టాడు. సత్యశ్రీని స్టెల్లా చెయ్యి పట్టి నడిపించింది. గుమ్మం దాటుతూనే పిల్ల భళ్ళున వాంతి చేసుకుంది. బాలశౌరి బూట్లు వెనక్కి లాక్కున్నాడు.

"దీన్ని కూడా లెక్కేశారా సంజీవరావు గారూ?"

"ప్రెజెంటేగా సార్," అన్నాడు మాస్టారు.

"ప్రెజెంటే, ప్రెజెంటే." ఇద్దరూ నవ్వారు. స్టెల్లా కూడా నవ్వి, కొంగుతో పిల్ల మూతి తుడిచింది. నలభై ఒకటి.

జ్వరం వారం రోజులు పీడించింది. సంగతి గంగాదేవికి ఇరుగుపొరుగు చెప్పారు. స్టెల్లా మందు బిళ్ళలు పట్టుకుని వెళితే ఆమె తిట్టలేదు. బిళ్ళలు అందుకుని, "పోన్లే. మీ ఉద్యోగం నిలబడితే నా పిల్ల చదువు నిలబడుతుంది," అంది. తిట్టి ఉంటే బావుండేదనిపించింది స్టెల్లాకి.

రెండో పోస్టు మంజూరైందని దసరా సెలవుల ముందు తెలిసింది. స్టెల్లా పావు కిలో బూందీ కొని పిల్లలకి పంచింది. సెలవులయ్యాక బడి తెరిచిన రోజున మాస్టారి స్కూటరు వెనక సీటు మీద నుంచి ఒకావిడ దిగింది. చేతిలో హ్యాండ్‌బ్యాగు, గొడుగు. చెరువుల వాసనకి ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకుంది.

"మా మరదలు సుబ్బరత్నం. ఇన్నాళ్ళూ అవనిగడ్డ అవతల ఎక్కడో పడి ఏడ్చింది పాపం. రెండేళ్ళ నుంచి ఈ చుట్టుపక్కల ఖాళీ కోసం చూస్తున్నాం," అన్నాడు మాస్టారు. "రెండో పోస్టులో చేరుతోంది."

స్టెల్లాకి ముందు అర్థం కాలేదు. "మరి నేనండీ?" అంది, జూన్‌లో అడిగినట్టే.

"వాలంటీరనేది పోస్టు ఖాళీగా ఉన్నచోటే కదమ్మా. ఫిల్లయింది. నిన్ను ఎవరూ తీసెయ్యలేదు, రూలు అంతే."

"పిల్లల్ని తెచ్చింది నేను కదండీ."

"తెచ్చావు. కాదన్నానా? పిల్లల్ని బట్టి పోస్టు వచ్చింది. తెచ్చినవాళ్ళని బట్టి రాదు."

"మీరు నాతో పిల్లలుంటే..."

"టీచరుంటారన్నాను. ఉంది కదా టీచరు." ఆయన గొంతులో కోపమేమీ లేదు. "ఇంకోటి. ఆవిడకి ఈ పిల్లల పేర్లూ ఇళ్ళూ తెలీవు. ఓ వారం వచ్చి అలవాటు చేసి వెళ్ళు. మళ్ళీ ఎక్కడైనా ఖాళీ వస్తే నీ పేరు నేనే చెబుతాను."

ఆ చివరి మాట కోసం స్టెల్లా వారం రోజులు ఊరికే పనిచేసింది. పిల్లల్ని పేరు పేరునా సుబ్బరత్నానికి చూపించింది. సుబ్బరత్నం కుర్చీలోంచి లేవకుండా చూసింది. మూడో రోజున సత్యశ్రీ పలక చూపిద్దామని కుర్చీ దగ్గరికి వెళ్ళింది. 'సత్యశ్రీ' అని పూర్తిగా రాసుకొచ్చింది, మొదటిసారి.

"అబ్బ, దూరంగా నిలబడు. ఏం కంపే ఇది? స్నానం చెయ్యవా? పో, వెళ్ళి గుమ్మం బయట కూర్చో."

పిల్ల స్టెల్లా వైపు చూసింది. స్టెల్లా కావాలంటే అడ్డు చెప్పొచ్చు, చెప్పలేదు. గోడ వారగా నిలబడి, తన పేరు చెబుతానన్న మాస్టారి మాట తలుచుకుంటూ, "వెళ్ళమ్మా, మేడమ్ గారు చెప్పినట్టు విను," అంది.

మర్నాటి నుంచి సత్యశ్రీ రాలేదు. పిలుచుకొద్దామని కూడా ఎవరూ వెళ్ళలేదు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం మాస్టారు ఆ పేరు దగ్గర ఆగకుండా "ప్రెజెంట్" అని తనే అనుకుని ముందుకు పోయేవాడు.

పదిహేను రోజులకి గంగాదేవి క్రైస్తవపేటకి వచ్చింది. స్టెల్లా ఇంటి ముందు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"షెడ్డులో మా పిల్ల చోటు వేరే పిల్లకిచ్చేశారు," అంది. "ఒక్కదాని కూలితో ఇల్లు గడవట్లేదు. బియ్యం అడిగితే, రోజూ బడికొస్తేనే ఇస్తామంటున్నాడు మాస్టారు. నువ్వొచ్చి రాంబాబుకి చెప్పు. మానిపించింది నువ్వే కదా."

అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి ఇప్పుడు 'నువ్వు' అంది. స్టెల్లా చెప్పులేసుకుని బయల్దేరింది.

షెడ్డులో ముప్ఫై మంది ఆడవాళ్ళు పొట్టి పీటల మీద వరసగా కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. కింద ఐసు నీళ్ళు పారుతున్నాయి. సత్యశ్రీ ఓ మూల నిలబడి ఉంది. రాంబాబు కాటా దగ్గర నుంచి స్టెల్లాని చూసి గొంతు పెంచాడు, అందరికీ వినబడేలా.

"ఏం టీచరు గారూ? పిల్లల్ని పెట్టుకుంటే పోలీసులొస్తారని మా వాళ్ళ ఇళ్ళల్లో చెప్పారంట. తీసుకొచ్చారా పోలీసుల్ని?"

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

"తప్పయింది రాంబాబు గారూ. ఆ పిల్లకి చోటివ్వండి."

"బడికెళ్ళే పిల్ల కదండీ. చదువు చెడదూ?"

"ఇవ్వండి. పని చేసుకునే పిల్ల."

"పనిలో పెట్టుకోమని మీరే అడుగుతున్నారా? మళ్ళీ అనండి, వీళ్ళంతా వినాలి. రేపు ఎవరైనా వచ్చి నన్నడిగితే సాక్ష్యం ఉండాలి."

స్టెల్లా ఆడవాళ్ళ వైపు తిరిగింది. "పిల్లని పనిలో పెట్టుకోండి," అంది.

రాంబాబు సత్యశ్రీని పిలిచి, రెండు చేతులూ తిప్పి చూశాడు, బజార్లో కూరగాయ చూసినట్టు. "మెత్తబడిపోయాయి. మునుపటంత వలవలేదు. సగం రేటుకైతే కూర్చోమనండి."

గంగాదేవి తలూపింది. స్టెల్లా నోరు తెరిచేలోపే ఆ బేరం అయిపోయింది.

పిల్ల తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఐసు కుప్పలో చెయ్యి పెట్టి ఒక్కసారి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. మొదటి రొయ్య తల తీస్తుంటే ముల్లు గుచ్చుకుని బొటనవేలి మీద రక్తం వచ్చింది. స్టెల్లా వంగి ఆ చెయ్యి పట్టుకోబోయింది. సత్యశ్రీ చెయ్యి లాక్కుని పొట్ట దగ్గర దాచుకుంది.

"వెలుతురుకి అడ్డొస్తున్నావు," అంది గంగాదేవి తలెత్తకుండా. "పక్కకి జరుగు."

స్టెల్లా జరిగింది.