ఊరకే కూచునే చోటు

యెషయా చేప తోక మీద ఇంకొన్ని నీళ్లు పోసి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

అది ఉత్త చేప కాదు. నడుము దాకా ఆడమనిషి, నడుము కింద చేప. అండమాన్‌లో కొత్తగా కట్టిన ఒక హోటలు వాళ్లు, సముద్రం ఒడ్డున నిలబెట్టడానికి సముద్రకన్య కావాలని, రాతి విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డకు కబురు పంపారు. యెషయా పనిచేసే శిల్పాల షెడ్డు యజమాని ఓబుళాచారి సముద్రాన్ని పటంలో తప్ప చూసినవాడు కాదు. కేసీ కాలువలో పట్టిన బొచ్చె చేపను తెప్పించి, ఎదురుగా పెట్టుకుని తోక చెక్కాడు. పని అయ్యాక ఆ చేపను పక్క పనివాడు మద్దిలేటి తన ఇంటికి పట్టుకుపోయి పులుసు పెట్టించుకున్నాడు. అందువల్లనో ఏమో, సముద్రకన్య పైసగం దేవకన్యలాగానూ, కిందిసగం ఆదివారం సంతలోంచి వచ్చినట్టుగానూ ఉంటుంది.

యెషయా పని చెక్కడం కాదు, నున్న చేయడం. రాయి మీద నీళ్లు పోసి, రాయితో రాయిని రుద్దుతాడు. మీసాలు రాకముందు ఆ షెడ్డులో చేరాడు, ఇప్పుడా మీసాలు నెరిశాయి. ఆదివారం చర్చికి పోతాడు, మిగతా రోజులన్నీ ఊరూరి దేవుళ్లకు మెరుగు పెడతాడు. ఆ మెరుగు మీద కథలున్నాయి. పాములపాడు వైపు ఒక ఊళ్లో పూజారి ఆంజనేయుడి ఛాతీలో చూసుకుని గడ్డం గీసుకుంటాడట. శ్రీశైలం దోవలో నందిని తీసుకుపోయే లారీ ఆపితే, ఒక కోతి నంది వీపులో కనబడిన కోతికి అరటిపండు ఇవ్వబోయి, అది తీసుకోలేదని అలిగి అడవిలోకి పోయిందట.

ఇంత మెరుగు పంచిన మనిషికి తనదంటూ మెరుపు మిగల్లేదు. కుడిభుజం కిందికి జారిపోయింది. చెవుల మడతల్లో రాతిపొడి, ఎంత కడిగినా పోదు. వేళ్ల కొనలు చింతగింజల్లా అరిగాయి. ఆధార్ మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడలేదు. “దేవుళ్లకంతా అంటిచ్చి వచ్చినావు లేన్నా” అన్నాడు మద్దిలేటి. దగ్గు వస్తే మాత్రం ఎవరూ నవ్వరు. షెడ్డు మొత్తం అది ఆగేదాకా ఉలి పట్టుకుని అట్లాగే నిలబడుతుంది.

విగ్రహం వెంట ఒక మనిషిని పంపడం ఆ షెడ్డు ఆచారం. దోవలో గీత పడితే సరిచేసి, నిలబెట్టి రావాలి. ఎప్పుడూ చెక్కేవాళ్లే పోయేవారు. యెషయాకు ఇంకో రాయి ఎదురుచూస్తూ ఉండేది. ఈసారి తానే పోతానని అతను నోరు తెరిచి అడిగాడు. వెంట వచ్చే మనిషికి పని ముగిశాక ఒడ్డునే గది ఇస్తాం, భార్యతో నాలుగు రోజులు ఉండిపొమ్మన్నారు హోటలు వాళ్లు.

“సాయంత్రం లారీ వస్తాది. ఆ లోపల తోక పని తేలితే నువ్వే పో. తేలకుంటే ఓడ పోతాది, నీ సముద్రమూ పోతాది” అన్నాడు ఆచారి.

పొద్దున, ప్రయాణానికి కావలసినవి కొనుక్కొచ్చేందుకు నంద్యాల బస్సుకు పోతూ అతని భార్య దేవమ్మ షెడ్డు దగ్గర ఆగింది. హాస్టల్లో వంట చేస్తుంది. సెలవు పెట్టడం తెలియక, రెండుసార్లు పెట్టి వచ్చింది.

“ఆడ పొద్దున్నే లేచి ఏం చేస్తామప్పా?”

“ఇసకలో కూచుంటాం.”

“మళ్ల?”

“పండుకుంటాం.”

“అన్నం?”

“వాళ్లే తెస్తారంట.”

“గిన్నెలు?”

“వాళ్లే కడుక్కుంటారంట.”

దేవమ్మకు ఇది బొత్తిగా మింగుడు పడలేదు. “ఊరకే కూచునేదానికి ఓడెక్కి పోవల్లనా?”

“ఈడ కూచోనిస్తారా?” అన్నాడు యెషయా.

ఆమె సముద్రకన్యను ఎగాదిగా చూసింది. “దీని తోక ఇంత ఒత్తుతాండావే, నా కాళ్లు ఒక్కనాడన్నా ఒత్తినావా?”

“అండమాన్ పోనీమ్మే, ఒత్తుతా.”

“వొదినా, పైలం!” మద్దిలేటి కేకేశాడు. “ఆడ ఎండ్రకాయలు టెంకాయ చెట్లెక్కి, కాయ తుంచి నీళ్లు తాగి, బుర్ర మన నెత్తిన ఏస్తాయంట.”

“నీ మాదిరే. పని చెయ్యకుండా తాగేది” అని దేవమ్మ బస్సుకు పోయింది.

ఎండ ముదిరింది. యెషయా అన్నం మూట విప్పలేదు. ఒక్కో పొలుసునూ రుద్ది, కడిగి, అరచేత్తో తడిమి, మళ్లీ రుద్దాడు. మధ్యలో రెండుసార్లు తోకకే ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. పొద్దు వాలే వేళకు చివరి రెక్క మీద నీళ్లు పోస్తే, చుక్క నిలవకుండా జారిపోయింది.

“అయింది సామీ.”

ఆచారి తోక మీద చెయ్యి ఆడించి, గొలుసులు తీయించడానికి పోయాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

లారీలో పరచడానికి తెచ్చిన ఇసుక మూలన కుప్పగా ఉంది. “ఎట్లుంటాదో చూస్తా” అని యెషయా దాని మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపాడు. అందరూ నవ్వారు. మద్దిలేటి నోటితో హోరు పెడుతూ పైపు పట్టుకొచ్చి అతని పాదాల మీద నీళ్లు కొట్టాడు.

“అల వచ్చెనన్నా!”

యెషయా కళ్లు మూసుకున్నాడు. “ఇంకోటి రానీ” అన్నాడు.

లారీ వచ్చింది. “లేపొద్దురా, ఓడలో యాడ నిద్ర పడతాది” అన్నాడు ఆచారి. రాళ్లు పగలగొట్టే మనుషులు ఆ రోజు గుసగుసగా మాట్లాడుకుంటూ, కావలసిన ఇసుక పక్కనుంచి తీసుకుని, గొలుసులు చప్పుడు కాకుండా పట్టుకుని సముద్రకన్యను పైకెత్తారు. గాల్లో తిరిగినప్పుడు తోక మీది ఎండ యెషయా మొహం మీదుగా పోయింది. అతను కదల్లేదు.

దేవమ్మ బస్సు దిగి, రెండు చేతులా సంచులతో వచ్చింది. “లెయ్యప్పా, లారీ నిలబడింది” అని కాళ్లు పట్టి కదిపింది.

“నీళ్లు పోసిందెవురు? కాళ్లు ఇంత సల్లగుండాయి.”

“నేనే వొదినా” అన్నాడు మద్దిలేటి. అన్నాక చూశాడు. పాదాలు ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి.

యెషయా నిద్రలోనే పోయాడు. దేవమ్మ సంచులు వదిలేసింది. ఇసుకలో అతని పక్కన కూర్చుంది, చాలాసేపు, ఊరకే. ఆమెను లేవమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చీకటి పడ్డాక నలుగురూ అతన్ని ఇంటికి మోసుకుపోయారు. ఓడ ఆగదు గనక లారీ కదిలింది. ఎక్కమంటే మద్దిలేటి తల అడ్డంగా ఊపాడు. ఆ షెడ్డునుంచి తోడు మనిషి లేకుండా పోయిన విగ్రహం అదొక్కటే.

దేవమ్మ సంచుల్లోంచి జారిన గడ్డి టోపీ ఇసుక మీద ఉండిపోయింది. వెడల్పాటి అంచు, నీలం రిబ్బను. తల ఆకారం చెడకుండా నంద్యాల దుకాణంవాడు లోపల పెట్టిన గుండ్రటి అట్ట ఇంకా దాంట్లోనే ఉంది.