సగంలో ఆపిన ప్రకటన

క్యారియర్ మూత బిగుసుకుపోయింది. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చి ఆమె పిల్లవాడి చెయ్యి వదిలింది. మూత ఊడదీసి తల తిప్పేసరికి మైకు గది గుమ్మంలో వాడు లేడు.

వాడికి నాలుగో ఏడు. వాళ్ళ నాన్న ఈ బస్టాండులో ప్రకటనలు చదువుతాడు. ఆ ప్రకటనలు, అదే బాణీలో, పొల్లుపోకుండా ఒప్పజెబుతాడు వీడు. ఆకలేస్తే మాత్రం చెప్పలేడు. అమ్మా అని ఇంతవరకూ పిలవలేదు. బస్టాండులో అందరూ ముద్దుగా చిన్నమైకు అంటారు. ఆ పేరు వింటే ఆమె మొహం తిప్పుకుంటుంది.

ఆమె ప్లాట్‌ఫారాల వెంట పరుగెత్తింది. "ఎర్రచొక్కా పిల్లాడు, ఇంత ఉంటాడు, చూశారా?"

"పేరు పెట్టి పిలవమ్మా, పలుకుతాడు," అంది బెంచీ మీది పెద్దావిడ.

"పలకడండీ."

"అయ్యో, చెవుడా?"

"చెవులు బాగానే ఉన్నాయండీ. పలకడంతే."

ఈ ముక్క ఎంతమందికి చెప్పిందో. ఆ తర్వాత వాళ్ళ మొహంలో వచ్చే జాలి చూడకుండా ముందుకు పోయింది. ఎవరు చెయ్యి పట్టుకు లాక్కుపోయినా వాడు నోరెత్తడు. బస్సులు వెనక్కి వస్తున్నాయి. వాడంత పొట్టివాడు డ్రైవరు అద్దంలో కనపడడు.

మైకు గదికి తిరిగొచ్చేసరికి భర్త మైకులో బతిమాలుతున్నాడు. "నాన్నా, ఎక్కడున్నావురా? ఇటు రారా."

"అలా పిలిస్తే రాడు. మాటలు నేర్పే టీచరు ఏం చెప్పింది? వాడికొచ్చిన మాట సగంలో ఆపి ఊరుకోమంది కదా, మిగతాది వాడే అంటాడని."

"నెలల తరబడి 'అమ్మ దగ్గరికి' అని ఆపి, 'రా' అంటాడని చూస్తూనే ఉన్నావుగా. ఒక్క మాటన్నా అన్నాడా?"

"నా మాటలు వాడికి పట్టలేదు. నీవి పట్టాయి. ముందు ఇంజన్లు ఆపించు, వాడి గొంతు వినపడాలి."

బస్సులు పంపే కంట్రోలరు విసుక్కుంటూనే ఈల ఊదాడు. "చిన్నమైకు తప్పిపోయాడ్రా, ఆపండి." ఒక్కో ఇంజనే ఆగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడవ ప్లాట్‌ఫారంపై గల బస్సు బయలుదేరుటకు..."

భర్త ఆగాడు. ఎవరో దగ్గారు. అంతకుమించి చప్పుడు లేదు.

రెండోసారి అతని గొంతు బొంగురుపోయింది. ఆమె మైకు గది కిటికీ బయటినుంచి తల అడ్డంగా ఊపింది. "ఏడవకు. రోజూలాగే చదువు. వాడికి ఆ చదువే తెలుసు."

అతను నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు. "...బయలుదేరుటకు..."

"సిద్ధముగా ఉన్నది."

చిన్న గొంతు. నేలమట్టంలోంచి.

మైకు గది పక్కనే ఆగిన బస్సు కింద, వెనక చక్రాల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. డ్రైవరు దిగొచ్చి వంగి చూసి, ఉన్నచోటే చతికిలబడ్డాడు. "వెనక్కి తీద్దామని గేరు వేశానమ్మా," అన్నాడు. "ఈల విని ఆపాను."

ఆమె పాక్కుంటూ వెళ్ళి వాణ్ణి బయటికి లాగింది. చొక్కా నిండా గ్రీజు. గుండెలకి అదుముకుంటే వాడు ఆమె భుజం మీదుగా స్పీకరు కేసి చూస్తున్నాడు.

"అమ్మ దగ్గరికి..." అని ఆగింది ఆమె.

వాడి చూపు స్పీకరు మీంచి కదల్లేదు. ఇంజన్లు మళ్ళీ మొదలయ్యాయి.

"దొరికాడుగా, ఇంటికి తీసుకెళ్ళమ్మా," అన్నాడు కంట్రోలరు. "బస్సులు కదలాలి."

ఆమె నేలమీంచి లేవలేదు. ఈసారి భర్త బాణీలో, ఒత్తి ఒత్తి అంది. "అమ్మ దగ్గరికి..."

వాడు ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందా అని మళ్ళీ స్పీకరు వైపే తలెత్తాడు.