చిమ్మిలి ముద్దలు

దేవకుమారి పిల్లని కొట్టే తల్లి కాదు. ఆ వేసవి మొత్తం మీద ఒక్కసారే కొట్టింది. ఆ ఒక్క దెబ్బా ఆవిణ్ణి ఈనాటికీ నిద్రపోనివ్వదు.

రావులపాలెం దగ్గర వాళ్ళకి రెండెకరాల అరటితోట. భర్త చంద్రరావు గెలలు కొట్టించి మార్కెట్టుకి తోలుకెళ్ళేవాడు, ఆవిడ ఇల్లూ గేదెనూ చూసుకునేది. ఒక్కగానొక్క కూతురు వెంకటదుర్గ, పదకొండేళ్ళది. ఆ ఏప్రిల్లో దానికి రెసిడెన్షియల్ స్కూల్లో సీటొచ్చింది. వీధంతా గొప్పగా చెప్పుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే, మూడో ఏడు దాటాక ఏనాడూ పక్క తడిపి ఎరగని పిల్ల మళ్ళీ తడపడం మొదలెట్టింది.

ఒకరోజంటే సరే, ఏదో పీడకల అనుకోవచ్చు. రోజూ! జూన్ వస్తే హాస్టల్లో నలభైమంది ఆడపిల్లల మధ్య పడుకోవలసిన పిల్ల. వాళ్ళు ఊరుకుంటారా? ఏదో ఒక పేరు పెడతారు, ఆ పేరు పదో తరగతి దాకా వదలదు. దేవకుమారి గుండెల్లో రాయి పడింది. జూన్ లోగా ఎలాగైనా మాన్పించాలి, అంతే.

"ఏం ఫర్వాలేదే, మనిద్దరం కలిసి మాన్పించేద్దాం. నాన్నక్కూడా చెప్పను" అని పిల్ల తల నిమిరింది. తెల్లవారగానే దుప్పటి తనే ఉతికి, పెరట్లో చీరల చాటున ఆరేసేది.

అత్తగారు రత్నమాణిక్యానికి మాత్రం చెప్పక తప్పలేదు. ఆవిడ దగ్గర మందు సిద్ధంగా ఉంది.

"చిమ్మిలి పెట్టవే. నల్లనువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి దంచి, పొద్దున్నో ముద్ద, సాయంత్రమో ముద్ద. మా తమ్ముడు బుల్లియ్యకి పది రోజుల్లో కట్టేసింది. మధ్యాహ్నం దాటాక నీళ్ళు మాత్రం ఇవ్వకు."

దంచింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా దంచింది. పది రోజులకీ తగ్గకపోతే ముద్ద పెద్దది చేసింది. ప్రేమతోనే చేసింది, అదే కదా ఏడుపు!

దుర్గ పేచీ లేకుండా తినేది. గొడవంతా నీళ్ళ దగ్గరే.

"ఒక్క గ్లాసమ్మా. నాలిక అంటుకుపోతోందమ్మా."

"ఎండలకి అందరికీ దాహమేనే. ఓర్చుకో తల్లీ. హాస్టల్‌కి వెళ్ళాలా, వద్దా?"

వెళ్ళాలనే అనేది పిల్ల. అయినా నమ్మకం చాలక, దేవకుమారి నీళ్ళ కూజా దేవుడి గదిలో పెట్టి తాళం వేసింది.

పిల్ల చిక్కి సగమైపోయింది. పొడుగు సాగుతోందిలే అనుకున్నారు. తడిసిన దుప్పటికి చీమలు పట్టేవి.

"చిమ్మిలి పక్కలో పెట్టుకుని తింటున్నావేంటే?"

"లేదమ్మా, ఒట్టు."

దేవకుమారి నమ్మలేదు. చీమలు అబద్ధం చెప్తాయా?

మే నెలాఖరున ఓ సాయంత్రం పాలు పితకడానికి పెరట్లోకెళ్తే, దుర్గ కుడితి గోలెం మీదకి వంగి ఉంది. గేదె తాగాల్సిన ఆ నీళ్ళు దోసిళ్ళతో తాగుతోంది. మూతికి తవుడు అంటుకుని ఉంది. దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది. తన కష్టమంతా, ఉతికిన దుప్పట్లన్నీ ఈ దొంగ నీళ్ళ పాలవుతున్నాయన్నమాట! రెక్క పట్టుకు లాగి వీపు మీద ఒక్కటేసింది.

పిల్ల ఏడవలేదు. "రేపట్నుంచి తాగనమ్మా" అంది.

అన్నమాట నిలబెట్టుకుంది. మర్నాడు తాగలేదు. ఆ మర్నాడు లేవలేదు.

ఒకటే వాంతులు, రొప్పు. వడదెబ్బేమో అనుకున్నారు. చంద్రరావు పిల్లని భుజాన వేసుకుని, "నోట్లోంచి మాగిన పండు వాసనొస్తోందేంటే? ఏం పెట్టావు?" అన్నాడు. టాక్సీలో రాజమండ్రి ఆసుపత్రికి చేరేసరికి దుర్గకి తెలివి లేదు.

డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి బయటికొచ్చారు.

"షుగరమ్మా."

"పిల్లకి షుగరేంటండి?" అన్నాడు చంద్రరావు.

"పిల్లలకీ వస్తుందండి. దానివల్లే పక్క తడుపుతారు, దానివల్లే విపరీతమైన దాహం. దుప్పటికి చీమలేమైనా పట్టేవామ్మా?"

దేవకుమారి తలూపింది.

"ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవు. అడిగినప్పుడల్లా ఇచ్చారు కదా?"

దేవకుమారి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. దేవుడి గది తాళంచెవి ఇంకా ఆవిడ మంగళసూత్రానికే వేలాడుతోంది.

మూడోరోజు పొద్దున్న దుర్గ కళ్ళు తెరిచింది. ప్రాణానికి భయం లేదన్నారు. బతికున్నన్నాళ్ళూ రోజూ సూది వేసుకోవాలన్నారు. ఒక చేతికి సెలైను పెట్టి ఉంది. మూత్రానికి గొట్టం వేసి, సంచి మంచం పక్కన తగిలించారు. ఆ సంగతి పిల్లకి తెలీదు.

రెండో చెయ్యి మెల్లగా కదిపి, నడుం కింద, తొడల కింద, పక్కంతా తడుముకుంది. పగిలిన పెదాల మీద నవ్వొచ్చింది.

"అమ్మా, ఇవాళ తడపలేదు చూడు. ఇప్పుడు కాసిని నీళ్ళిస్తావా?"