ఒక ఛాయ ముదురు

మా ఆయన మోచేతి కింద ఊదారంగు మరక కనబడగానే నాకు ఒళ్లు మండింది. గుండెకి ఆపరేషనై ఇంకా మూడు నెలలు నిండలేదు. నిచ్చెన ఎక్కొద్దని, బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెవినిల్లు కట్టుకుని పోరింది. అయినా నా కళ్లుగప్పి ఎక్కడో గోడకి రంగేసి వచ్చాడనుకున్నాను. ముప్పై ఏళ్లు పెయింటర్‌తో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా?

"ఎవరింటికి వేశారు ఊదారంగు?" అన్నాను.

"నేనెక్కడికీ పోలేదే."

"మరి ఇదేమిటి? గాలికొచ్చి అంటుకుందా?"

టర్పెంటైన్ సీసా తెచ్చి, గుడ్డ తడిపి రుద్దాను. పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాను. ఆయన చెయ్యి అప్పగించి కూర్చున్నాడు. మర్నాటికి ఆ మరక అరచెయ్యంత అయింది. రంగు దానంతటది పెరుగుతుందా ఎక్కడైనా? నాకేమీ అర్థం కాలేదు.

ఆ పొద్దున ఆయన పళ్లు తోముకుంటుంటే ఉమ్మిన నురుగు ఎర్రగా ఉంది. మధ్యాహ్నం ముక్కులోంచి నెత్తురు కారి చొక్కా తడిసింది. పక్కవీధిలో ఉండే మా ఆడపడుచు పరుగున వచ్చింది. ఆవిడకి తెలియని వైద్యం లేదు, ఆవిడ కుదిర్చిన రోగమూ లేదు.

"వేడి చేసింది తమ్ముడికి. నెత్తిన తడిగుడ్డ వెయ్యి," అంది. అంతలోనే, "ఆకుకూరలు గానీ పెడుతున్నావా? ఆ మందుకి పడవంట," అంది.

"పెట్టడం లేదు వదినా."

"అందుకే అయ్యుంటుంది. ఒంట్లో బలం లేక."

పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే.

ఆ మందు సంగతి చెప్పాలి. ఆయన గుండెలో పాడైపోయిన వాల్వు తీసి లోహపుది పెట్టారు. దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా బతికినంతకాలం రోజూ సాయంత్రం మాత్రలు వేసుకోవాలి. మూడు, గులాబీ రంగువి. నెత్తురు పలచబడాలని డాక్టరమ్మ అనగానే ఈయన పక్కున నవ్వాడు. "థిన్నర్ కలపడమే కదమ్మా. తక్కువైతే ముద్ద కడుతుంది, ఎక్కువైతే కారిపోతుంది. నాకు తెలియందా," అన్నాడు. తెలిసినా ఏం లాభం? ఇక్కడ కలిపేది నేను. రోజూ మూడు మాత్రలు అరచేతిలో పెట్టేది నేనే. ఆయన మందుల డబ్బా మూతైనా తియ్యడు.

తడిగుడ్డకి నెత్తురు ఆగలేదు. ముక్కు అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తపరీక్షలో అంకె మూడు దగ్గర ఉండాలట, తొమ్మిది దాటింది. డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చూసింది. చేతి మీది మరక రంగు కాదట, చర్మం కింద కారిన నెత్తురట.

"కిందపడ్డారా? నొప్పులకేమన్నా మింగారా? నాటుమందులు?"

అన్నిటికీ లేదనే చెప్పాం. ఆవిడకీ అయోమయంగానే ఉన్నట్టుంది. వాడే మందులు చూపించమంది. సంచి బల్ల మీద బోర్లించాను. ఆవిడ ఒక మాత్రల అట్ట తీసి వెనక్కి తిప్పి చదివింది.

"ఇది ఎప్పుడు కొన్నారు?"

"ఎనిమిది రోజులైంది. ఎప్పుడూ కొనే కొట్టు మూసుంటే వేరే కొట్లో కొన్నా."

"ఇవి ఒక్కోటి ఐదు మిల్లీగ్రాములు. నేను రాసింది ఒక మిల్లీగ్రాముది. మూడు పడాల్సిన చోట రోజూ పదిహేను పడింది."

"ఇవీ గులాబీయే కదమ్మా," అన్నాను.

"కంపెనీని బట్టి ఏ మోతాదుకి ఏ రంగో మారుతుంది. చూడాల్సింది రంగు కాదు, అంకె."

పాత అట్ట చివర చిరిగిపోయి మందు పేరొక్కటే మిగిలితే, అదే చూపించి గులాబీవి కావాలని అడిగాను. ఇంటికొచ్చాక చూస్తే ఒక ఛాయ ముదురుగా ఉన్నాయి. చూశాను, చూడలేదని ఎలా అనను? డబ్బా డబ్బాకీ ఛాయ కాస్త మారుతుందని ఈయన ఇళ్లవాళ్లకి చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను. బ్యాచ్ మారి ఉంటుందిలే అనుకున్నాను.

"ఈయనకి మాత్రలిచ్చేది ఎవరు?" అంది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోగా ఆయన మంచం మీద నుంచి, "నేనే చూసుకుని వేసుకుంటానమ్మా," అన్నాడు. ముక్కులో దూదితో గొంతు ఎవరిదోలా ఉంది. "కాస్త ముదురుగా ఉన్నాయి. బ్యాచ్ మారిందనుకున్నా. తప్పు నాదే."

నేను తెల్లబోయాను. గోడ పొక్కితే తేమ తప్పు, చారలు పడితే ఎండ తప్పు. తప్పు నాదన్న మాట ఈయన నోట ముప్పై ఏళ్లలో వినలేదు. పైగా నా మనసులో అనుకున్నది ఈయనకెలా తెలిసింది?

విరుగుడు కూడా చూసి చూసి ఇవ్వాలట. ఎక్కువిస్తే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, తక్కువిస్తే నెత్తురు ఆగదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కొంచెమిచ్చి, మాట తడబడితే మెదడుకి ముప్పని, వెంటనే పిలవమని చెప్పి డాక్టరమ్మ వెళ్లింది. ఇక నేను పావుగంటకోసారి ఏదో ఒకటి అడిగి ఆయన చేత మాట్లాడించాను. వంటింటికి ఏ రంగు వేద్దామన్నాను. మీ అక్కకి ఎన్నేళ్లన్నాను. అడగడానికి ఇంకేమీ మిగలక, మనసులో ఉన్నది అడిగేశాను.

"నిజంగా చూశారా, నన్ను వెనకేసుకొచ్చారా?"

"మొదటి రోజే చూశా. ఆ తేడా నాకు తెలీదా?"

"మరి అడగలేదేం?"

"నువ్విచ్చావు కదా అని వేసుకున్నా."

నేను రంగు డబ్బాలో కర్ర తిప్పితే, మళ్లీ తనొకసారి తిప్పితే గానీ కుంచె ముంచని మనిషి. ప్రాణం మీదకి తెచ్చేదాన్ని మాత్రం మారుమాట లేకుండా మింగాడు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇక మీదట నన్ను నమ్మకండి," అన్నాను.

నాలుగో రోజుకి అంకె దిగింది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టమన్నారు. నేను కొత్త అట్ట వెనక్కి తిప్పి, "ఒకటి," అని పైకి చదివి, మూడు ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన నోట్లో వేసుకోలేదు. "ఆ అట్ట ఇటివ్వు," అన్నాడు. కళ్లజోడు లేక దూరంగా పట్టుకుని, కిటికీ వైపు తిప్పి, పెదవులు కదుపుతూ చదివాడు.

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు చదివితే అంతసేపు చదవనీ అనుకున్నాను.