మందు ముట్టని రాములమ్మ

రాములమ్మ చేటలో బియ్యం ఎగరేసి, నూకలు ఒక పక్కకు జారేలా మునివేళ్లతో తట్టింది. కింద కూర్చోవద్దన్నారు కనుక గడప దగ్గర చెక్కపెట్టె మీద కూర్చుని కుడికాలు చాపుకుంది. మిర్యాలగూడ మిల్లులో ఇన్నేళ్లూ ఆమె చేసింది ఈ పనే. కిందటి చలికాలం వడ్లు ఆరబోసే గచ్చు మీద జారిపడితే తుంటి విరిగింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో విరిగిన ఎముక తీసి ఇనుపది వేశారు.

ఆ తర్వాత కాలు వాచింది. నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. రోజూ మింగమని గోలీలిచ్చి డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు: "ఇది రక్తం పలచబడే గోలీ. రక్తం కారితే ఆగదు. వేరే మందు ముట్టొద్దు."

మందు తాగొచ్చాడంటే వాడకట్టులో అందరికీ తెలిసిన అర్థం ఒకటే. రాములమ్మ ఇంటికి రాగానే తన కల్లుముంత కడిగి గూట్లో బోర్లించింది.

"మందు ముట్టద్దన్నది నిన్నా, నన్నా?" అని నవ్వాడు భర్త ఎర్రయ్య.

"నన్నే. నిన్నంటె నువ్వింటవా ఏంది!"

కత్తిపీట జోలికి కూడా పోవడం మానేసింది. వేపపుల్ల మెత్తగా నమిలేది. అయినా ఈ పొద్దున ఉమ్మితే ఎర్రగా పడింది. మోచేతి కింద నేరేడుపండు రంగు మచ్చ ఉంది.

"ఏందే అది?"

"యాడనో ఒత్తుకున్నదేమో."

కొత్త వడ్లు వచ్చేసరికి మిల్లుకు నడిచిపోవాలని ఆమె ఆశ. వేములపల్లి నుంచి వడ్ల బండ్లు అప్పుడే వీధిలో వినబడుతున్నాయి. తుంటి సలుపు మాత్రం తగ్గలేదు. చూడలేక ఎర్రయ్య కొన్నాళ్ల కిందటే కిరాణా కొట్టులో తలనొప్పి గోలీలు పొట్లం కట్టించి తెచ్చాడు. పొద్దున ఒకటి, మాపు ఒకటి మింగేది. అవి మందు కాదు కదా, చాయ్‌తో అందరూ మింగేవే.

మధ్యాహ్నం ముద్ద దిగలేదు.

"కడుపుల మంట పుడ్తున్నదయ్యా."

"కల్లు మానితే గట్లనే ఉంటది. జర ఓర్సుకో. ఇంగో గోలీ ఏస్కో."

వేసుకుంది. పొద్దువాలుతుండగా కర్ర పట్టుకుని వీధి మలుపు దాకా నడిచి, సంతోషంగానే తిరిగొచ్చింది. గడపలో కూలబడి కక్కుకుంది. మొదట చాయ్‌పత్తా ముద్దల్లా నల్లగా, తర్వాత ఎర్రగా. ఎర్రయ్య తట్ట పట్టాడు.

"ఆగుతలేదయ్యా," అంది, తప్పు తనదే అయినట్టు.

పక్కింటి పుష్పాబాయి పరుగెత్తి కాంపౌండరు నాగేశ్వర్ రావును పిలుచుకొచ్చింది. ఆయన సొంతూరు కోదాడ, ఉండేది ఈ వీధిలోనే. ఆయన వచ్చేసరికి ఎర్రయ్య ఒళ్లో ఆమె చెయ్యి చల్లబడిపోయింది. నాడి పట్టి చూసి వదిలేశాడు.

"వేరే మందేమైనా వేసుకుందా?"

"లేదు సారూ. సుక్క ముట్టలే. డాక్టరు మాట జవదాటలే. గీ నొప్పిగోలీలే, నేనే తెచ్చిచ్చిన."

పొట్లం ఆయన చేతిలో పెట్టాడు. ఆ గోలీలు కూడా రక్తాన్ని ఆగనివ్వవని నాగేశ్వర్ రావుకు తెలుసు. చెప్పబోయి నోరు తెరిచాడు. ఎర్రయ్య తడిగుడ్డతో ఇంకా ఆమె మూతి తుడుస్తూనే ఉన్నాడు.

ఆయన పొట్లం మడిచి సంచిలో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని గడప దాటి వెళ్లిపోయాడు.

గూట్లో కల్లుముంత బోర్లించినట్టే ఉంది, మీద పల్చగా తౌడు పేరుకుని.